మా ముత్తాత తల్లికి ద్వీపాంతర శిక్ష: ఆమె ఆనవాళ్ళు ఎక్కడ వెతకాలి?

పెరంబూరు టీచరమ్మ:

అందరికీ నమస్కారం. మాది ఒంగోలు పక్కన పల్లె. నాయన రైల్వే ఉద్యోగం మీద మద్రాసు వచ్చేశారు, నేను పుట్టి పెరిగిందంతా పెరంబూరులోనే. లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు ఒక మనిషి ఆచూకీ కోసం వెతుకుతున్నాను. ఆమె మా ముత్తాత తల్లి. ఆమెకు ద్వీపాంతర శిక్ష, అంటే సముద్రం దాటించి అండమాన్ దీవులకు పంపే శిక్ష, పడింది.

పేరు మాకు తెలుసు. ఇక్కడ మాత్రం రాయడం లేదు, ఊళ్ళో మా బాబాయి వాళ్ళు వద్దన్నారు. సాయం చేయగలిగిన వాళ్ళకు విడిగా చెబుతాను.

ఊళ్ళో పాత ఇల్లు పడగొట్టే ముందు అటక మీది సామాను దించారు. ఒక ట్రంకు పెట్టెలో గుడ్డలో చుట్టిన కాగితాల కట్ట దొరికింది. చాలావరకు శిస్తు రసీదులు. వాటి మధ్య ఒక అమ్మకం దస్తావేజు ఉంది. రాణి తల బొమ్మ ఉన్న స్టాంపు కాగితం, మడత పెట్టిన చోటల్లా చిరిగి నాలుగు ముక్కలయింది. రాతంతా గొలుసుకట్టు. కలం ఎత్తకుండా రాసుకుంటూ పోయారు, మాటకూ మాటకూ మధ్య జాగా లేదు, తలకట్లు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి. ముందు నాకు ఒక్క మాటా పట్టుబడలేదు. భూతద్దం పెట్టుకుని, ముందుగా మా ఊరి పేరు ఎక్కడుందో పట్టుకున్నాను. అందులోని అక్షరాలను బట్టి మిగతావి పోల్చుకుంటూ పోయాను. తేదీ చిత్రభాను సంవత్సరం మాఘ మాసం, అంటే 1883 మొదట్లో. ఏడేళ్ళ మైనరు పిల్లవాడి తరఫున అతని పినతండ్రి మెట్ట చేను అమ్ముతున్నాడు. ఎందుకు తాను సంతకం పెడుతున్నాడో ఒక్క వాక్యంలో రాయించాడు: పిల్లవాడి తండ్రి ధాత (1876-77) కరువులో కాలం చేశాడు, తల్లి ద్వీపాంతర శిక్షలో ఉంది. ఆ పిల్లవాడే మా ముత్తాత.

మా నాయనమ్మ బతికున్న రోజుల్లో ఈ సంగతి అడిగితే గొంతు తగ్గించేది. తన అత్తగారి దగ్గర ఆమె విన్నది ఇదీ: మొగుడు పోయిన కొన్నేళ్ళకు ఆ పిల్ల నెల తప్పింది, పుట్టిన బిడ్డ బావిలో తేలింది, మునసబు కబురు పెడితే పోలీసులొచ్చి తీసుకుపోయారు. మా పెద్ద మేనత్త మాత్రం వేరే చెప్పేది, మొగుడికి మందు పెట్టిందని. దస్తావేజు చదివాక ఈ రెండోది నాకు నమ్మబుద్ధి కావడం లేదు. అన్నను చంపిన మనిషే అయితే, ఆ తమ్ముడు రాయించిన కాగితంలో అన్న కరువులో పోయాడని ఎందుకుంటుంది?

మా వాళ్ళలో అప్పట్లో మారుమనువు లేదు. వితంతువులు పెళ్ళి చేసుకోవచ్చని 1856లోనే చట్టం వచ్చింది. రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. మా పల్లెలో ఇరవై ఏళ్ళ విధవరాలికి ఆ చట్టమూ అందలేదు, ఆ కబురూ అందలేదు. ఆ బిడ్డకు తండ్రి ఎవరు? ఇన్ని తరాల్లో ఒక్కరి నోటా అతని పేరు రాలేదు. ఆమె పేరు మాత్రం చెప్పకూడని పేరుగా మిగిలింది. నాకు కోపమొచ్చేది ఇక్కడే.

ఆమె చేసిందా లేదా అని ఇప్పుడు తీర్పు చెప్పడానికి కాదు నేను వెతికేది. ఆ తర్వాత ఏమైందో తెలియాలి. ఓడ ఎక్కిందా, ఎక్కడుంది, ఏం పని చేసింది, ఎన్నాళ్ళు బతికింది. మా ముత్తాత ఏటా తండ్రికి తద్దినం పెట్టేవాడట. తల్లికి పెట్టడానికి తిథి తెలియదు, అసలు పోయిందో ఉందో కూడా తెలియదు. మా వంశవృక్షంలో ఆయన పైన తండ్రి పేరుంది, తల్లి పేరు రాయడానికి చోటు కూడా వదల్లేదు.

పాత సర్కారు కాగితాలు దాచే ఎగ్మోరు ఆర్కైవ్స్ మాకు దగ్గరే. అక్కడికి వెళ్ళి ఏమని అడగాలి? ఒంగోలు కోర్టులో కాగితాలుంటాయా? మా అబ్బాయి వాళ్ళు అండమాన్ టూర్ వెళ్ళినప్పుడు సెల్యులర్ జైల్లో అడిగారు, ఇక్కడ ఆడవాళ్ళ పేర్లు ఏమీ లేవన్నారట. మరి ఆడవాళ్ళను ఎక్కడ పెట్టేవారు?

---

కోర్టు గుమస్తా, చూలై:

టీచరమ్మ గారూ, నేను వకీళ్ళ దగ్గర గుమస్తాగా చేసి మానుకున్నవాణ్ణి. పాత కేసుల కాగితాలు వెతకడమే నా పనిగా ఉండేది కాబట్టి తెలిసింది చెబుతాను.

ముందు ఒంగోలు సంగతి మరిచిపోండి. మీ కేసు నాటికి ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో ఉంది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పాటు చేసినప్పుడు అందులో కలిపారు, ప్రకాశం జిల్లా 1970లో వచ్చింది. మీరు ఎక్కడికి వెళ్ళినా నెల్లూరు అనే అడగాలి. విచారణ జరిగింది నెల్లూరు సెషన్సు జడ్జి ముందు. అయితే ఆ కోర్టు ఫైలు మీద ఆశ పెట్టుకోవద్దు. పాత క్రిమినల్ రికార్డు గడువు తీరాక తగలబెట్టేయడం రివాజు.

దొరికే అవకాశం ఉన్నది పై మెట్టులో. ఇండియన్ పీనల్ కోడ్ 1862 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో హత్యకు సంబంధించిన 302 సెక్షను కింద నేరం రుజువైతే అప్పట్లో రెండే శిక్షలు, ఉరి లేదా యావజ్జీవ ద్వీపాంతరవాసం. సెషన్సు జడ్జి ఉరిశిక్ష వేస్తే హైకోర్టు ఖాయం చేసేదాకా అమలు చేయడానికి లేదు. అంటే కేసు మద్రాసు వచ్చి తీరాలి. హైకోర్టు తగ్గించకపోతే గవర్నరు దగ్గరకు క్షమాభిక్ష అర్జీ వెళ్ళేది. ఆ అర్జీ, దాని మీద జడ్జి అభిప్రాయం, చివరి ఉత్తర్వు అన్నీ ప్రభుత్వ జుడిషియల్ శాఖ కాగితాల్లోకి చేరేవి. ఆ శాఖ జీ.ఓ.లు, అంటే ప్రభుత్వ ఉత్తర్వులు, ఎగ్మోరులోనే ఉన్నాయి. రాష్ట్రాలు విడిపోయాక ఆంధ్ర జిల్లాల కలెక్టరేటు రికార్డులు కొన్ని హైదరాబాదుకు పోయాయి గానీ, ఇవి మద్రాసు ప్రెసిడెన్సీ మొత్తానికి చెందినవి కాబట్టి ఇక్కడే ఉండిపోయాయి.

అక్కడ ముందు అడగాల్సింది ఫైలు కాదమ్మా, ఇండెక్సు. ఏ ఏడాదికి ఆ ఏడాది ఇండెక్సు పుస్తకం ఉంటుంది. నెల్లూరు, ఖైదీలు, ద్వీపాంతరవాసం, అండమాన్, పోర్ట్ బ్లెయిర్, క్షమాభిక్ష, ఈ మాటల కింద ఇంగ్లీషులో చూడాలి. జీ.ఓ. నంబరు, తేదీ పట్టుకుంటే తర్వాత పని వాళ్ళది. మీకు ఏళ్ళు కూడా ఎక్కువ లేవు. తండ్రి పోయింది ధాతలో, అంటే 1876-77. నాయనమ్మగారి మాట ప్రకారం ఆ తర్వాత కొన్నేళ్ళకు బిడ్డ. 1883 మొదటికే శిక్షలో ఉంది. 1878 నుంచి 1882 దాకా చూస్తే చాలు. గుర్తింపు కార్డు, ఏ పని మీద వచ్చారో రాసిన ఉత్తరం పట్టుకెళ్ళండి.

ఇంకో మాట. ఇండియన్ లా రిపోర్ట్స్ మద్రాసు సీరీస్ 1876 నుంచి అచ్చవుతోంది. ముఖ్యమనుకున్న తీర్పులే అందులో వేస్తారు, కాబట్టి లేకపోతే నిరాశపడొద్దు. ఒక పూట కేటాయించి ఆ ఏళ్ళ సంపుటాలు తిరగేయండి.

దస్తావేజులో యావజ్జీవం అని ఉందా, ఉత్త ద్వీపాంతరం అనే ఉందా? ఇది చాలా ముఖ్యం. ఏడేళ్ళు, అంతకు పైబడిన జైలు శిక్ష వేయదగ్గ నేరాలకు జైలుకు బదులు అన్నేళ్ళ ద్వీపాంతరం వేసే వీలు కూడా అప్పటి చట్టంలో ఉంది. బిడ్డను వదిలేసిందన్న సెక్షను కింద వేసుంటే ఏడేళ్ళే అయుండొచ్చు. బిడ్డ పుట్టిన సంగతి దాచిందన్నదానికి రెండేళ్ళకు మించి లేదు, కాబట్టి అది కాదు. యావజ్జీవం అని తేలితే బహుశా హత్య కింద చూసి ఉంటారు.

---

సౌత్ పాయింట్:

అమ్మా నమస్తే. ఉద్యోగం మీద చాలా ఏళ్ళు పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నాను, ఇప్పుడా ఊరికి శ్రీ విజయపురం అని పేరు పెట్టారు. ప్రస్తుతం అంబత్తూరులో ఉంటున్నాను. మీ అబ్బాయికి సెల్యులర్ జైల్లో దొరక్కపోవడంలో వింత లేదు. ఆ జైలు కట్టడం మొదలుపెట్టింది 1896లో, పూర్తయింది 1906లో. మీ ముత్తవ్వ కాలానికి అక్కడ పునాది కూడా లేదు. ఖైదీల వలస మొదలైంది 1858 మార్చి 10న, డాక్టర్ వాకర్ 200 మందితో దిగినప్పుడు. రాస్ దీవిలో అధికారులు, వైపర్ దీవిలో జైలు. ఆడవాళ్ళకు సౌత్ పాయింట్‌లో విడిగా జైలుండేది. నేత, బట్టలు కుట్టడం లాంటి పనులు చేయించేవారు.

ఆ శతాబ్దం చివర్లో ఉన్న నిబంధనలు చెబుతాను, మీకు లెక్క కట్టుకోవడానికి పనికొస్తాయి. ఆడ ఖైదీ మొదట ఆడవాళ్ళ జైల్లోనే ఉండాలి. ఐదేళ్ళు గడిస్తే పెళ్ళికి గానీ ఇళ్ళలో పనికి గానీ అర్హత వస్తుంది. పెళ్ళంటే సొంతంగా వ్యవసాయమో పనో చేసుకునే టికెట్ సంపాదించిన మగ ఖైదీతో. అధికారులు ఒప్పుకోవాలి. పెళ్ళయిన ఆమె 15 ఏళ్ళకు భర్తతో కలిసి దీవి వదిలిపోవచ్చు, అయితే ఇద్దరి గడువూ తీరాలి, ఇద్దరూ కలిసే పోవాలి. పెళ్ళి చేసుకోకపోతే 20 ఏళ్ళు ఉండాల్సిందే. షాదీపూర్ అని ఇప్పటికీ ఒక పేట ఉంది, ఖైదీల పెళ్ళిళ్ళ వల్లే ఆ పేరని అక్కడివాళ్ళు చెబుతారు.

ఒక్కసారి ఆలోచించండి అమ్మా. మన ఊళ్ళో మారుమనువు కూడదన్నందుకే ఆమె బతుకు అలా అయింది. అక్కడ ఐదేళ్ళు పోతే పెళ్ళి చేసుకోవచ్చని ఆ సర్కారే అనుమతిచ్చింది. కాబట్టి ఆమెకు రెండో సంసారం ఉండే అవకాశం బాగా ఉంది. ఉంటే ఆ పిల్లలు అక్కడ లోకల్ బార్న్ అనే వర్గంలో కలిసిపోయి ఉంటారు. వాళ్ళ ఇంటి భాష హిందుస్తానీ. ఏ భాషవాళ్ళు ఏ కులంవాళ్ళని పెళ్ళాడారో చూసుకున్న సమాజం కాదది, తెలుగు ఇంటిపేర్ల కోసం వెతికితే దొరకరు. అక్కడ ఇప్పుడున్న తెలుగువాళ్ళలో ఎక్కువమంది తర్వాత శ్రీకాకుళం వైపు నుంచి బతుకుతెరువు కోసం వచ్చినవాళ్ళు, వాళ్ళను అడిగితే లాభం లేదు. 1942కు ముందు నుంచి ఉన్న కుటుంబాలను ప్రీ-42 అంటారు, అడగాల్సింది వాళ్ళను. జపాన్ వాళ్ళు 1942 మార్చి నుంచి 1945 దాకా ఆ దీవులను పట్టుకున్నారు, ఆ రోజుల్లో అక్కడి కాగితాలు చాలా పోయాయి. అందుకని పోర్ట్ బ్లెయిర్‌లో వెతికేకంటే ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్‌లో హోం శాఖ కింద ఉన్న పోర్ట్ బ్లెయిర్ ఫైళ్ళు చూడటం మేలు. చాలావరకు అభిలేఖ్ పటల్ వెబ్‌సైటులో ఇంట్లో కూర్చునే చూడొచ్చు.

విడుదల జాబితాలు మరిచిపోకండి. 1887లో రాణి జూబిలీకి దేశమంతా ఖైదీలకు మాఫీలిచ్చారు.

ఇది కూడా చెప్పాలి. ద్వీపాంతరం పడ్డవాళ్ళంతా సముద్రం దాటలేదు. డాక్టరు పనికిరారన్నవాళ్ళను ఇక్కడి జైళ్ళలోనే ఉంచేశారు. ఓడ ఎక్కిందని కాగితం దొరికేదాకా ఎక్కిందనుకోవద్దు.

---

ఒంగోలు గిత్త:

అక్కా, మీ బాధ అర్థమైంది. కానీ మీ బాబాయి వాళ్ళు చెప్పిందాంట్లోనూ న్యాయముంది. ఊళ్ళో ఉండేది వాళ్ళు, చెన్నైలో ఉండే మనం కాదు. రేపు పిల్లల సంబంధాలప్పుడు ఎవరో ఒకరు ఎత్తుతారు. నూటనలభై ఏళ్ళనాటి గొయ్యి ఇప్పుడు తవ్వి ఎవరికి మేలు? అన్యథా అనుకోవద్దు.

---

పెరంబూరు టీచరమ్మ:

తమ్ముడూ, నువ్వు మర్యాదగానే అడిగావు, నేనూ మనసులో మాట చెబుతాను. ఆ గొయ్యి మేం తవ్వక ముందే తెరిచి ఉంది. మా నాయనమ్మ గొంతు తగ్గించినప్పుడల్లా మా ఇంట్లో ఆడపిల్లలకు అర్థమైన సంగతి ఒకటే, తప్పటడుగు వేస్తే మీ పేరు కూడా ఇలాగే కొట్టేస్తాం అని. నేను ముప్పై ఏళ్ళకు పైగా ఆడపిల్లలకు పాఠాలు చెప్పాను. నెల తప్పి, ఇంట్లో చెప్పుకోలేక చదువు మానేసిన పిల్లల్ని చూశాను. అందుకే ఇది నాకు పాత కథలా అనిపించదు. ఊరి పేరు, ఇంటిపేరు బయట పెట్టనని బాబాయికి మాటిచ్చాను, ఆ మాట నిలబెట్టుకుంటాను. వెతకడం మాత్రం మానను.

గుమస్తా గారూ, దస్తావేజు మళ్ళీ చూశాను. యావజ్జీవ అన్న మాట ఉన్నట్టే ఉంది. కానీ సరిగ్గా ఆ చోటే మడత పడి చిరిగింది. యా, వ కనిపిస్తున్నాయి, తర్వాత జత అక్షరం కింది ఒత్తు మాత్రం మిగిలింది. మీరు చెప్పినట్టు ఇండెక్సుతోనే మొదలుపెడతాను.

సౌత్ పాయింట్ గారూ, మీరు రాసింది చదివి చాలాసేపు లేవలేకపోయాను. 15 ఏళ్ళు, 20 ఏళ్ళు అన్నారు. 1880 ప్రాంతంలో వెళ్ళి ఉంటే 1895కో 1900కో విడుదలై ఉండొచ్చు. అప్పటికి మా ముత్తాతకు పాతికేళ్ళు మించవు. ఆమె తిరిగి వచ్చి ఉండొచ్చన్న మాట మా ఇంట్లో ఇన్నేళ్ళలో ఎవరూ అనలేదు. అందరూ వెళ్ళింది, అయిపోయింది అన్నట్టే మాట్లాడారు. వస్తే ఏ ఊరికి పంపించారు, ఎవరికి అప్పగించారు అన్నది కూడా ఫైళ్ళలో ఉంటుందా?

---

పాత కాగితాలు:

టీచరుగారూ, వెబ్‌సైటులో వెతికేటప్పుడు పేరు స్పెల్లింగు మన అలవాటు ప్రకారం కొడితే దొరకదు. అప్పటి ఇంగ్లీషు గుమస్తాలు చెవికి వినపడినట్టు రాసుకున్నారు. అమ్మ అన్నదాన్నే మూడు నాలుగు రకాలుగా రాశారు. అ బదులు యు అక్షరం వేసి, చివర హెచ్ తగిలించి, ఎం ఒకటి తీసేసి కూడా కొట్టి చూడండి. వెంకటను వకు, కకు వేర్వేరు అక్షరాలతో ప్రయత్నించండి. ఇంటిపేరు ఉండదు. పేరు పక్కన తండ్రి పేరో భర్త పేరో ఉంటుంది కాబట్టి ఆ రెండు పేర్లు దగ్గర పెట్టుకోండి. పేరుతో పని కాకపోతే నెల్లూరు జిల్లా, ఆడ ఖైదీ, ఏడాది, ఈ మూడింటితో వెతకండి. ఖైదీకి అక్కడ ఒక నంబరు ఇచ్చేవారు, ఆ నంబరు ఒక్క ఫైల్లో దొరికిందంటే మిగతా ఫైళ్ళలో మనిషిని పట్టడం సులువు. ఇక్కడ ఏదైనా జీ.ఓ. చిరిగిపోయి ఉంటే కంగారు పడొద్దు, మద్రాసు జుడిషియల్ ప్రొసీడింగ్స్ నకళ్ళు లండన్‌కు వెళ్ళేవి, ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఉన్నాయి.

క్షమాభిక్ష కాగితం దొరికితే తేదీ జాగ్రత్తగా చూడండి. 1881లో సూరత్‌లో విజయలక్ష్మి అనే వితంతువుకు ఇలాంటి కేసులోనే ఉరిశిక్ష వేశారు. తర్వాత అది ద్వీపాంతరమైంది, చివరికి ఐదేళ్ళకు తగ్గించారు. దేశమంతా పత్రికల్లో గొడవైంది. తారాబాయి షిండే అనే రచయిత్రి ఆ కోపంలోనే మరాఠీలో ‘స్త్రీ పురుష తులన’ అనే పుస్తకం రాసింది, 1882లో. మీ ముత్తవ్వ అర్జీ ఆ గొడవకు ముందు వెళ్ళిందా, తర్వాతనా అన్నది చూడాలి. తర్వాతైతే అధికారులు రాసిన అభిప్రాయాల్లో దాని ప్రస్తావన ఉండొచ్చు.

విడుదల గురించి అడిగారు కదా. విడుదలకు ముందు సొంత జిల్లా అధికారులను సంప్రదించిన ఉత్తరాలు కొన్ని ఫైళ్ళలో నేను చూశాను. కాబట్టి 1895 నుంచి 1902 దాకా నెల్లూరు పేరుతో మళ్ళీ ఒకసారి ఇండెక్సు తిరగేయండి.

---

పెరంబూరు టీచరమ్మ:

చాలా సంతోషం అమ్మా. భర్త పేరు దస్తావేజులో ఉంది. తండ్రి పేరు తెలియదు, పుట్టిల్లు ఏ ఊరో కూడా ఎవరూ గుర్తు పెట్టుకోలేదు. దస్తావేజు రెండో పేజీలో సాక్షుల సంతకాల దగ్గర ఒక ఊరి పేరు ఉంది, అది మాకు తెలిసిన ఊరు కాదు. సాక్షుల్లో ఒకరు ఆమె పుట్టింటి తరఫు మనిషేమో అని నా అనుమానం. ఆ గొలుసుకట్టు నా వల్ల కావడం లేదు. చదవగలిగిన వాళ్ళు చెన్నైలో ఎవరైనా ఉంటే చెప్పండి, ఎక్కడికైనా వచ్చి చూపిస్తాను.

---

కోర్టు గుమస్తా, చూలై:

నేను చదువుతానమ్మా, మా నాయన దస్తావేజు లేఖరి. ఫోనుతో తీసిన ఫొటో వద్దు, స్కాన్ చేయించండి. ముక్కలకు టేపు మాత్రం అంటించకండి, గాజు పలక మీద పక్కపక్కన పేర్చి స్కాన్ చేయమనండి. వెనక వైపు కూడా కావాలి. స్టాంపు ఎవరు, ఎక్కడ, ఎవరి పేరు మీద కొన్నారో అక్కడే రాసుంటుంది.